బండలెక్కే బండి

పాఠ్యభాగ ఉద్దేశం

ఆటవస్తువును కేవలం వినోద సాధనంగా భావించడం పరిపాటి. కాని ఒక చిన్న వాహనాన్ని మన చేతులతో అలంకరించడానికి పూనుకొన్నప్పుడు కొలత, నిష్పత్తి, బరువు, సమతుల్యత అనే శాస్త్రాంశాలు ఒక్కొక్కటిగా ఎదురవుతాయి. పరిసరాల్లో సులభంగా లభించే వస్తువులతో వాటిని ఎలా అర్థం చేసుకోవచ్చునో తెలియజేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

పాఠ్యభాగం

పల్లెలో పెరిగిన వారికి తాటిబుర్రల బండిని గురించి ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు. ఎండిన రెండు తాటికాయలను ఒక పుల్లకు రెండు చివరలా గుచ్చి, ఆ పుల్ల నడుమ పంగలకర్రను ఆనించి, దుమ్ము రేగేలా నెట్టుకొంటూ పరుగెత్తడం ఒక తరం పిల్లలకు నిత్యకృత్యం. ఆ బండికి యంత్రం లేదు, ఇంధనం లేదు. దానిని చేసినవాడే దాని చోదకుడు. అది చెడిపోతే బాగుచేసేవాడూ అతడే. చేతితో చేసి ఆడుకొనే ఆ అలవాటు నేడు రూపం మార్చుకొని కొత్త వాహనాలను ఆశ్రయించింది. అటువంటి వాటిలో రాక్ క్రాలర్ ఒకటి. రాళ్లపై పాకుతూ పోయే ఈ రేడియో నియంత్రిత వాహనాన్ని మన భాషలో 'బండలెక్కే బండి' అని పిలుచుకోవచ్చు.

రేడియో నియంత్రణ

తీగల సంబంధం లేకుండా దూరం నుంచి వస్తువును కదిలించడం శతాబ్దం దాటిన ఆలోచన. 1895 ప్రాంతంలో కలకత్తాలో జగదీశ్ చంద్ర బోస్ విద్యుత్తరంగాల సహాయంతో దూరాన ఉన్న గంటను మోగించి చూపాడు. 1898లో న్యూయార్క్ నగరంలో నికోలా టెస్లా ఒక చిన్న పడవను తీగలు లేకుండా నీటిలో నడిపించి చూపరులను ఆశ్చర్యచకితులను చేశాడు. ఈనాటి బండికీ ఆధారం అదే సూత్రం. చేతిలోని ట్రాన్స్‌మిటర్ నుంచి వెలువడే తరంగాలను వాహనంలోని రిసీవర్ గ్రహిస్తుంది. ప్రస్తుతం ఎక్కువ బండ్లు 2.4 గిగాహెర్ట్జ్ పౌనఃపున్యంపై పనిచేస్తున్నాయి. ఒక సంకేతం ముందుచక్రాలను తిప్పే సర్వో మోటారుకు, మరొక సంకేతం వేగాన్ని నియంత్రించే పరికరానికి చేరుతుంది.

సాధారణ ఆటకారుకు వేగమే ఘనత. బండలెక్కే బండికి నిదానమే ఘనత. దీనిలో మోటారు అనేకసార్లు తిరిగితే చక్రం ఒకసారి తిరిగేలా పళ్లచక్రాలను అమరుస్తారు. తత్ఫలితంగా వేగం తగ్గి, తిప్పే బలం పెరుగుతుంది. నాలుగు చక్రాలకూ శక్తి అందుతుంది. మామూలు వాహనంలో ఒక చక్రం గాలిలోకి లేస్తే, శక్తి అంతా ఆ చక్రాన్ని వృథాగా తిప్పడానికే సరిపోతుంది. క్రాలర్‌లో ఎడమ, కుడి చక్రాలు ఒక్కటిగా తిరిగేటట్లు బిగిస్తారు కనుక, నేలను తాకిన చక్రం తన పని తాను చేసుకుపోతుంది. మెత్తని రబ్బరు టైర్లలో గాలికి బదులు స్పాంజి ఉంటుంది. రాతి అంచు తగిలినప్పుడు టైరు లోపలికి నొక్కుకొని ఆ రాతిని పట్టుకొంటుంది. మెట్లెక్కే ముసలివాని చేయి గోడను తడుముకొన్నట్లు, ఈ బండి రాతిని తడుముకొంటూ ఎక్కుతుంది.

పదో వంతు ప్రపంచం

ఇటువంటి బండ్లు వివిధ పరిమాణాల్లో లభిస్తాయి. వాటిలో అసలు వాహనంలో పదో వంతు ఉండేవి ఎక్కువ ప్రచారంలో ఉన్నాయి. అసలు వాహనంలో 10 సెంటీమీటర్లు ఉన్నది నమూనాలో 1 సెంటీమీటరు అవుతుంది. 170 సెంటీమీటర్ల ఎత్తుగల డ్రైవరు 17 సెంటీమీటర్ల బొమ్మగా మారతాడు. 75 సెంటీమీటర్ల టైరు ఏడున్నర సెంటీమీటర్లకు కుదించుకుపోతుంది.

ఈ బండిని కొన్నంత మాత్రాన అది మనది కాదు. అలంకరణతోనే దానికి వ్యక్తిత్వం వస్తుంది. విదేశీ నమూనాలను అనుసరించేవారు వాటిపై గుడారాలు, ఇసుకపలకలు, ఇంధనపు డబ్బాలు అమరుస్తారు. కాని మన కళ్లెదుట అంతకంటె అందమైన నమూనాలున్నాయి. హైదరాబాదు నుంచి విజయవాడకు పోయే 65వ నెంబరు జాతీయ రహదారి సూర్యాపేట, కోదాడ పట్టణాల మీదుగా సాగుతుంది. పూర్వం దీనిని 9వ నెంబరు రహదారి అనేవారు. ఆ దారి పక్కన కొంతసేపు నిలబడితే చాలు. టార్పాలిన్ కప్పి తాళ్లతో బిగించిన లారీలు, ముందుభాగాన వేలాడే నిమ్మకాయ మిరపకాయల దండలు, వెనుక తలుపుపై రంగురంగుల అక్షరాలు, పక్కన వేలాడే నీళ్ల డబ్బాలు కనిపిస్తాయి. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదిలిన తరువాత వరిపంట విస్తరించిన ప్రాంతమిది. మిర్యాలగూడ బియ్యం మిల్లుల నుంచి బస్తాలు నింపుకొని బయలుదేరే వాహనాలు ఇక్కడి బతుకుకు ప్రతీకలు. మన బండికి అలంకారం వాటి నుంచి గ్రహించడం సముచితం.

ఇదే రహదారిపై కోదాడ దాటి విజయవాడ వైపు సాగితే, ఆ నగరానికి చేరువలోనే కొండపల్లి ఉంది. అక్కడి కళాకారులు తరతరాలుగా ఎడ్లబండిని, తాడిచెట్టు ఎక్కే గీతకార్మికుణ్ణి, పల్లె బతుకును చిన్న బొమ్మలుగా మలచుతున్నారు. వారు వాడేది తేలికైన తెల్లపొణికి కర్ర. చింతగింజల పిండిని, రంపపు పొట్టును కలిపిన ముద్దతో విడిభాగాలను అతుకుతారు. పెద్ద జీవితాన్ని చిన్న రూపంలో నిలపడం మనకు కొత్త విద్య కాదనడానికి ఆ బొమ్మలే నిదర్శనం. ఆ కర్ర తేలికదనం మన బండికి కూడా ఎంత అవసరమో ముందుముందు గ్రహిస్తాం.

ఇంటి వస్తువులతో తయారీ

అలంకరణకు కావలసిన సామగ్రి కోసం దుకాణాలు వెతకనవసరం లేదు. పాతబడిన గృహోపకరణాలు, విరిగిన గొడుగు, తెగిన చెప్పు, పనికిరాని సైకిలు చక్రం చాలు.

మొదట పైకప్పుపై అమర్చే క్యారియర్‌ను చూద్దాం. సైకిలు చువ్వ మందం సుమారు 2 మిల్లీమీటర్లు. దీనిని పది రెట్లు చేస్తే 20 మిల్లీమీటర్ల గొట్టం అవుతుంది. నిజమైన క్యారియర్‌కు వాడే ఇనుప గొట్టాన్ని పోలి ఉంటుంది కనుక చువ్వ ఇందుకు చక్కగా సరిపోతుంది. చువ్వలను కొలత ప్రకారం కోసి, కలిసేచోట గరుకు కాగితంతో రుద్ది, సన్నని రాగితీగ చుట్టి, ఫ్లక్స్ పూసి సోల్డరింగ్ చేయాలి. రాగితీగ చుట్టకుండా అతికిన కీలు మొదటి దెబ్బకే ఊడిపోతుంది.

రెండవది తాడు. 20 మిల్లీమీటర్ల లారీతాడుకు బదులు 2 మిల్లీమీటర్ల పురికొస సరిపోతుంది. అయితే పురికొసపై లేచి ఉండే నూగు పదో వంతు ప్రపంచంలో ముళ్లపొదలా కనిపిస్తుంది. దారానికి కొంచెం మైనం రుద్దితే ఆ నూగు అణగిపోతుంది. టార్పాలిన్‌కు పాత గొడుగు గుడ్డ, స్పేర్ టైరుకు హవాయి చెప్పు అడుగుభాగం పనికివస్తాయి. నిమ్మకాయకు 4 మిల్లీమీటర్ల పసుపుపూస, మిరపకాయలకు ఆకుపచ్చ దారపు ముక్కలు చాలు. వెనుక తలుపుపై 'శుభయాత్ర' అని రాయదలిస్తే, లారీపై 10 సెంటీమీటర్ల అక్షరం ఇక్కడ 1 సెంటీమీటరు ఉండాలి. సన్నని కుంచె, ఎనామిల్ రంగు, నిలకడగల చేయి దానికి అవసరం.

దీపాలు వెలగాలంటే ఎల్‌ఈడీలు వాడాలి. 6 వోల్టుల సరఫరాకు తెల్ల ఎల్‌ఈడీని నేరుగా తగిలిస్తే అది కాలిపోతుంది. దానికి సుమారు 3 వోల్టులు చాలు. మిగిలిన 3 వోల్టులను ఒక నిరోధకం భరించాలి. విద్యుత్ప్రవాహం 20 మిల్లీ ఆంపియర్లు అనుకొంటే ఓమ్ నియమం ప్రకారం 150 ఓముల నిరోధకం అవసరమవుతుంది. 220 ఓములు వాడితే కాంతి కొంచెం తగ్గినా దీపం ఎక్కువకాలం మన్నుతుంది.

చివరిది, అన్నింటికంటె ఆసక్తికరమైనది బియ్యం బస్తా. గోనెసంచిని కత్తిరించి చిన్న బస్తాలు కుడితే సహజంగా ఉంటుందని మొదట తోస్తుంది. కుట్టి చూస్తే పొరపాటు తెలుస్తుంది. గోనె నేత చిన్నబస్తాపై వలలా కనిపిస్తుంది. వస్తువు పరిమాణం తగ్గినా నేత పరిమాణం తగ్గకపోవడమే దీనికి కారణం. పలుచని నూలుగుడ్డను టీ డికాక్షన్‌లో ముంచి ఆరబెట్టి కుడితే అది అచ్చమైన గోనెలా భాసిస్తుంది. నమూనా కళలో ఇదొక ముఖ్యసూత్రం: అసలు పదార్థమే అసలు రూపాన్ని ఇస్తుందన్న నియమం లేదు.

బరువు నేర్పే పాఠం

బస్తాలను దేనితో నింపాలి? సమస్య ఇక్కడే మొదలవుతుంది.

50 కిలోల బస్తా పొడవు 80, వెడల్పు 50, మందం 15 సెంటీమీటర్లు అనుకొందాం. నమూనాలో అవి వరుసగా 8, 5, ఒకటిన్నర సెంటీమీటర్లు అవుతాయి. పొడవు పదో వంతు, వెడల్పు పదో వంతు, మందం పదో వంతు. మూడింటినీ గుణిస్తే ఘనపరిమాణం వెయ్యో వంతు. అందువల్ల 50 కిలోల బస్తా ఈ ప్రపంచంలో 50 గ్రాములు తూగాలి. ఆ చిన్నసంచిలో బియ్యం నింపి తూచితే సుమారు అంతే తూగుతుంది. లెక్క కుదిరిందని సంతోషించి పది బస్తాలు క్యారియర్‌పై పేర్చితే, మొత్తం 500 గ్రాములు.

అంతవరకు బండలపై ధీమాగా ఎక్కిన బండి అప్పుడు చిన్న ఏటవాలు వద్దనే పక్కకు ఒరిగిపోతుంది.

కారణం తెలుసుకోవాలంటే గరిమనాభిని అర్థం చేసుకోవాలి. వస్తువు బరువంతా ఏ బిందువు వద్ద కేంద్రీకృతమైనట్లు వ్యవహరిస్తుందో దానిని గరిమనాభి అంటారు. ఆ బిందువు నుంచి నిట్టనిలువుగా గీసిన రేఖ చక్రాల మధ్య ఉన్నంతవరకు వాహనం నిలుస్తుంది. ఆ రేఖ చక్రాలను దాటి వెలుపలికి పోయిన క్షణాన బోల్తాపడుతుంది. గరిమనాభి ఎంత ఎత్తున ఉంటే అంత త్వరగా ఆ రేఖ వెలుపలికి పోతుంది.

ఒక ఉదాహరణ తీసుకొందాం. బండి బరువు 2,400 గ్రాములు, దాని గరిమనాభి నేల నుంచి 8 సెంటీమీటర్ల ఎత్తున ఉంది, ఎడమ, కుడి చక్రాల మధ్య దూరం 20 సెంటీమీటర్లు. బరువేమీ లేనప్పుడు ఈ బండి పక్కవాలులో సుమారు 51 డిగ్రీల వరకు నిలుస్తుంది. 22 సెంటీమీటర్ల ఎత్తున 500 గ్రాముల బియ్యం పెడితే గరిమనాభి సుమారు 10.4 సెంటీమీటర్లకు లేస్తుంది. బోల్తాపడే కోణం 44 డిగ్రీలకు తగ్గుతుంది. సస్పెన్షన్ కూడా వంగుతుంది కనుక వాస్తవంలో ఇంకా ముందే ఒరుగుతుంది. కాగితంపై 7 డిగ్రీలు చిన్న సంఖ్యే. బండపై అదే గెలుపు ఓటములకు నడుమ గీత.

అయితే బస్తాలను వదులుకోవలసిందేనా? అలంకారం, సామర్థ్యం రెండూ ఒకచోట ఇమడవా? ఈ ప్రశ్నకు సమాధానం మిర్యాలగూడ మిల్లు ముంగిటనే ఉంది. వడ్లలో సుమారు ఐదో వంతు ఊక. ఉప్పుడు బియ్యం తయారుచేసే మిల్లుల్లో బాయిలర్లను మండించడానికి దానిని వాడతారు. అంతే పరిమాణంలోని బియ్యంతో పోలిస్తే ఊక బరువు సుమారు ఎనిమిదో వంతు మాత్రమే. చిన్నబస్తాలో ఊక నింపితే అది దాదాపు 6 గ్రాములు తూగుతుంది. పది బస్తాలు కలిసి 60 గ్రాములు. అప్పుడు గరిమనాభి 8.3 సెంటీమీటర్లకు మాత్రమే లేస్తుంది. బండి 50 డిగ్రీల వరకు నిలుస్తుంది. ఒకే ఒక డిగ్రీ నష్టం! చూపుకు నిండు లోడు, చక్రాలకు అత్యల్ప భారం.

తూకం నిజం కావాలంటే బియ్యం పోయాలి. బండి ఎక్కాలంటే ఊక పోయాలి. రెండు నిజాలలో ఏది ముఖ్యమో తయారుచేసేవాడే నిర్ణయించుకోవాలి. గాజుపెట్టెలో నిలిపే నమూనాకు మొదటిది చెల్లుతుంది. బండలెక్కవలసిన బండికి రెండవదే శరణ్యం. బరువు తప్పనిసరి అయినచోట దానిని కిందికి, ముందుకు చేర్చాలి. ఎత్తు ఎక్కేటప్పుడు భారం వెనుకచక్రాలపైకి మళ్లుతుంది. కనుక ముందుచక్రాల లోపల ఇనుప నట్టులు అమర్చితే బండి వెనుకకు తిరగబడకుండా ఉంటుంది. సీసం విషపదార్థం కాబట్టి దానిని వాడరాదు.

పరీక్ష

చేసినదానిని పరీక్షించనిదే జ్ఞానం స్థిరపడదు. ఒక చెక్కపలక, ఒక కోణమానిని, ఒక నోటుపుస్తకం ఇందుకు చాలు. బండిని పలకపై అడ్డంగా నిలిపి, పలక ఒక అంచును మెల్లగా ఎత్తాలి. పైవైపు చక్రాలు లేచిన కోణాన్ని నమోదు చేయాలి. ఖాళీబండికి, బియ్యం బస్తాలకు, ఊక బస్తాలకు విడివిడిగా మూడేసి సార్లు కొలిచి సగటు తీయాలి. రేడియో నియంత్రిత వాహనం ఖరీదైనది. అందరికీ అందుబాటులో ఉండదు. అది లేనివారు సంతలో దొరికే ఆటజీపుతో ఈ ప్రయోగాన్ని నిరభ్యంతరంగా చేయవచ్చు. సూత్రం రెండింటికీ ఒకటే.

ఆపై పరీక్షాస్థలం ప్రకృతి. ఈ ప్రాంతంలో నేల ఎన్ని రూపాలు దాల్చిందో ఈ చిన్నబండి చెబుతుంది. సూర్యాపేట సమీపాన ఉండ్రుగొండ పరిసరాల్లోని బండలు గరుకైనవి. వాటిపై టైరు చక్కగా పట్టుకొంటుంది. కోదాడ, మేళ్లచెరువు ప్రాంతాల సున్నపురాయి పలకలుగా విడిపోతుంది. దాని అంచులు మెట్లవలె ఉండి ముందుచక్రాలను నిలువరిస్తాయి. మిర్యాలగూడకు చేరువలో, మూసీనది కృష్ణలో కలిసే వాడపల్లి ఒడ్డున తడిసిన రాళ్లు జారుతాయి. అక్కడ బలం కంటె నిదానం పనిచేస్తుంది.

కొన్ని జాగ్రత్తలు తప్పనిసరి. రహదారిపైనగాని, దాని అంచునగాని బండిని నడపరాదు. కోటగోడలు, దేవాలయ శిల్పాలు మన ఆటకు మెట్లు కావు. నదిలో లోతు తెలియనిచోట అడుగుపెట్టరాదు. లిథియం బ్యాటరీని ఛార్జింగుకు పెట్టి విడిచిపోరాదు. ఉబ్బిన బ్యాటరీని మళ్లీ వాడరాదు. సోల్డరింగ్ చేసేటప్పుడు గాలి ఆడే చోట కూర్చోవాలి.

ముగింపు

తాటిబుర్రల బండి నుంచి రేడియో తరంగాల బండి వరకు మారనిది ఒక్కటే. చేయి తాకి చేసినదానినే మనసు పూర్తిగా అర్థం చేసుకొంటుంది. కొన్న బస్తా బండి ఎందుకు ఒరిగిందో చెప్పదు. కుట్టిన బస్తా చెబుతుంది. ఈ బండి నేర్పే పాఠం రహదారిపై తిరిగే పెద్దలారీకి కూడా వర్తిస్తుంది. పరిమితికి మించి, ఎత్తుకు మించి సరుకు పేర్చిన వాహనం మలుపులో ఎందుకు తిరగబడుతుందో పలకపై ఒరిగిన చిన్నబండిని చూసినవారికి ఎవరూ వివరించనక్కరలేదు. అక్కడ ఒరిగేది బొమ్మ కాదు, దానిని నడిపే మనిషి ప్రాణం కూడా ఆ వాలులోనే ఉంటుంది. ఆటలో నేర్చిన నిష్పత్తిజ్ఞానం బతుకులో రక్షణ కావడం కంటె ఆటకు సార్థకత మరొకటి లేదు.

అభ్యాసం

అ) కింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.

1. ఇంటి వస్తువులతో బండికి అలంకరణలు తయారుచేసే విధానాన్ని వివరించండి.
2. బియ్యానికి బదులు ఊకను ఎంచుకోవడంలోని శాస్త్రీయ కారణాలను విశదీకరించండి.

ఆ) కింది ప్రశ్నలకు సంగ్రహ సమాధానాలు రాయండి.

1. గరిమనాభి అంటే ఏమిటి?
2. గోనెసంచి చిన్నబస్తాకు ఎందుకు పనికిరాదు?
3. కొండపల్లి బొమ్మల తయారీలో వాడే పదార్థాలేవి?
4. సూర్యాపేట, కోదాడ, వాడపల్లి నేలల్లో బండి నడక ఎలా మారుతుంది?

ఇ) కింది పదాలను విడదీసి, సంధుల పేర్లు రాయండి.

గృహోపకరణాలు, అత్యల్పం, దేవాలయం

ఈ) కింది పదాలను సొంత వాక్యాలలో ప్రయోగించండి.

నిత్యకృత్యం, నిదర్శనం, శరణ్యం, సార్థకత

ఉ) ప్రాజెక్టు పని: మీ ఊరి మీదుగా పోయే ఒక లారీ అలంకరణను పరిశీలించి, దానిపై కనిపించే ఐదు వస్తువుల కొలతలను అంచనా వేసి, పదో వంతు నమూనాలో అవి ఎంత ఉండాలో పట్టికగా రాయండి.